పొలిమేర దాటని పేర్లు: సొంత ఊళ్లలో రగ్బీ లీగ్ ఆటగాళ్ల గుర్తింపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

లీడ్స్, హల్, హడర్స్‌ఫీల్డ్ వైపు చదువుకో ఉద్యోగానికో వెళ్లినవాళ్లు, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో స్థిరపడినవాళ్లు ఈ ఆట గురించి అడిగే ప్రశ్నలివి. ఎక్కువ భాగం ఉత్తర ఇంగ్లండ్ గురించే. ఆట పుట్టిల్లు అదే కాబట్టి.

రగ్బీ లీగ్ అంటే మామూలు రగ్బీయే కదా?

కాదు. ఈ తేడా తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఒలింపిక్స్‌లోనూ, ఆరు ఐరోపా జట్ల పోటీ సిక్స్ నేషన్స్‌లోనూ కనిపించేది రగ్బీ యూనియన్. పూర్తి జట్టుకు 15 మంది. రగ్బీ లీగ్‌లో 13 మంది. బంతి పట్టుకుని పరిగెడుతున్నవాణ్ని పట్టేస్తే అతను లేచి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించి ఆట కొనసాగిస్తాడు. ఇలా ఆరు పట్లు పూర్తయ్యాయంటే బంతి అవతలి జట్టుది. కబడ్డీ చూసిన కళ్లకు ఇది యూనియన్ కన్నా తొందరగా పట్టుబడుతుంది.

లీడ్స్ దగ్గరి చిన్న ఊరు కాజిల్‌ఫర్డ్‌లో "రగ్బీ" అంటే లీగే. లండన్‌లో అదే మాట యూనియన్. హల్‌లో టాక్సీ ఎక్కి సిక్స్ నేషన్స్ గురించి కబుర్లు మొదలుపెట్టేవాళ్లకు అవతలినుంచి ముక్తసరి జవాబులు రావడానికి కారణం ఇదే.

ఊళ్లో వాళ్లకు ఆటగాళ్లు నిజంగా అంత బాగా తెలుసా?

తెలుసు. కాకపోతే మనం సినిమావాళ్లను ఎరిగినట్టు కాదు. మన ఊళ్లో హైస్కూలు పీఈటీ మాస్టారు ఎలా తెలుసో అలా తెలుసు. కాజిల్‌ఫర్డ్‌లోనో ఫెదర్‌స్టోన్‌లోనో ఆటగాడు సూపర్‌మార్కెట్ క్యూలో నిలబడితే ఎవరూ కేకలు పెట్టరు. బిల్లు కొట్టే ఆవిడ తలెత్తకుండానే "తొడ కండరం నయమైందా, ఆదివారం ఆడతావా?" అని అడుగుతుంది. వెనకున్న పెద్దాయన పోయిన మ్యాచ్‌లో అతను జారవిడిచిన బంతిని గుర్తుచేస్తాడు. సెల్ఫీ ఎవరూ అడగరు. అడిగితే బయటి ఊరివాళ్లని తెలిసిపోతుంది.

ఆ గుర్తింపు చాలా చోట్ల పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. కాజిల్‌ఫర్డ్ నుంచి లీడ్స్ నడిబొడ్డుకు 16 కిలోమీటర్లు. అక్కడ ఆ ఆటగాణ్ని లీగ్ చూసేవాళ్లు మాత్రమే గుర్తుపడతారు. మాంచెస్టర్ దాటి దక్షిణానికి దిగితే జాతీయ జట్టు కెప్టెన్ కూడా రైల్లో మామూలు ప్రయాణికుడే. పక్క సీటువాళ్లు చూసేది అతని భుజాల వెడల్పే.

ఇంత చిన్న పరిధిలో ఇంత లోతైన గుర్తింపు ఎలా వచ్చింది?

మొదటి కారణం చరిత్ర. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో జరిగిన సమావేశంతో 22 ఉత్తరాది క్లబ్బులు పాత రగ్బీ సంఘం నుంచి విడిపోయాయి. తగాదా కూలీ గురించి. బొగ్గు గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే ఆటగాడు శనివారం మ్యాచ్‌కు వస్తే ఆ రోజు కూలీ పోయేది. దానికి పరిహారంగా ఆరు షిల్లింగులు ఇస్తామని ఉత్తరాదివాళ్లు, డబ్బు పుచ్చుకుంటే ఆట అపవిత్రమవుతుందని దక్షిణాది దొరలు. విడిపోయినవాళ్లు 1906లో జట్టును 13 మందికి కుదించారు. అలా ఆటగాడూ ప్రేక్షకుడూ ఒకే గనిలో, ఒకే వీధిలో ఉండే ఆటగా ఇది పెరిగింది.

రెండోది, చిన్న ఊళ్లు. ఫెదర్‌స్టోన్ జనాభా పదిహేను వేల పైచిలుకు, మన దగ్గర ఒక మండల కేంద్రమంత. ఆ ఊరు 1967, 1973, 1983లలో మూడుసార్లు ఛాలెంజ్ కప్ అనే నాకౌట్ పోటీ గెలిచింది. ఫార్వర్డ్ ఆటగాడు కావాలంటే గని నోటి దగ్గర నిలబడి ఈల వేస్తే చాలని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. సెయింట్ హెలెన్స్, కాజిల్‌ఫర్డ్ లాంటి చోట్ల ఫుట్‌బాల్ లీగ్ స్థాయి క్లబ్బు లేదు. ఊరి అభిమానమంతా ఒక్క జట్టు మీదే కుమ్మరించాల్సిందే.

మూడోది చిన్న క్లబ్బులు. వృత్తి ఆటగాళ్లలో చాలామంది ఆరేడేళ్ల వయసులో పేటలోని అమెచ్యూర్ క్లబ్బులో మొదలుపెట్టినవాళ్లే. విగన్ సెయింట్ ప్యాట్రిక్స్, ఫెదర్‌స్టోన్ లయన్స్, హాలిఫాక్స్ దగ్గరి సిడల్ అలాంటివి. ఒక ఆటగాడు పేరు తెచ్చుకునేసరికి, వాడికి ముక్కు తుడిచి బూట్ల లేసులు కట్టినవాళ్లు ఊళ్లో పాతికమంది ఉంటారు. అక్కడ డాబు సాగదు.

నాలుగోది డబ్బు. నిజానికి డబ్బు లేకపోవడం. 2020ల మొదట్లో, ఇంగ్లండ్‌లో ఈ ఆట అగ్ర డివిజన్ అయిన సూపర్ లీగ్‌లో క్లబ్బు ఆటగాళ్ల జీతాల గరిష్ఠ పరిమితి 21 లక్షల పౌండ్లు, ఒకరిద్దరు పెద్ద ఆటగాళ్లకు మినహాయింపులతో. అది పాతికమందికి పైగా పంచుకోవాలి. ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో ఒక్క మంచి ఆటగాడి ఏడాది జీతం అంతకంటే ఎక్కువ. కాబట్టి లీగ్ ఆటగాడు గేటెడ్ బంగళాలోకి మారిపోడు. అదే ఊళ్లో మామూలు ఇంట్లో ఉంటాడు, పిల్లల్ని అదే బడికి పంపుతాడు.

కింది డివిజన్ల ఆటగాళ్ల సంగతి?

వీళ్లే ఇంకా బాగా తెలుసు, విచిత్రంగా. సూపర్ లీగ్ కింద ఉండే ఛాంపియన్‌షిప్‌లో చాలామంది పార్ట్‌టైమ్. పగలు కరెంటు పని, ప్లంబింగ్, బడిలో టీచరు ఉద్యోగం. వారంలో రెండు మూడు సాయంత్రాలు సాధన, వారాంతంలో మ్యాచ్. మీ ఇంటి బాయిలర్ బాగుచేయడానికి వచ్చినవాడి చెవులు నలిగి క్యాలీఫ్లవర్‌లా ఉంటే "ఎవరికి ఆడతారు?" అని అడగండి. పని కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

హల్‌లో ఏ జట్టు ఆటగాళ్లు ఎక్కువ తెలుసు?

మీ ఇల్లు నదికి ఏ వైపున ఉందో దాన్నిబట్టి. ఊరిని హల్ నది రెండుగా కోస్తుంది. పడమర వైపు హల్ ఎఫ్‌సీ, నలుపు-తెలుపు. తూర్పు వైపు హల్ కింగ్‌స్టన్ రోవర్స్, ఎరుపు-తెలుపు, వాడుకలో కేఆర్. బేకన్ ముక్క ఎర్రగా తెల్లగా ఉంటుంది కాబట్టి కరడుగట్టిన ఎఫ్‌సీ ఇళ్లలో దాన్ని ముట్టరని ఒక పాత జోకు. పూర్తిగా జోకేనని కూడా చెప్పలేం.

1980లో ఈ రెండు జట్లే వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్ ఆడాయి. ఊరు విడిచే రోడ్డు మీద "చివర వెళ్లేవాళ్లు లైట్లు ఆర్పేయండి" అని బోర్డు పెట్టారు. కేఆర్ 10-5తో గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ రోజర్ మిల్‌వర్డ్ ఆట మొదట్లోనే దవడ విరిగినా చివరిదాకా ఆడాడు. మళ్లీ 2025లో కేఆర్ ఛాలెంజ్ కప్, లీగ్ పట్టికలో అగ్రస్థానం, టైటిల్ తేల్చే గ్రాండ్ ఫైనల్ మూడూ గెలుచుకుంది. పెద్ద కప్పు చూసి 40 ఏళ్లయిన అభిమానులకు ఆ ఆటగాళ్లు ఇప్పుడు ఇంట్లోవాళ్లే.

కొత్తగా వెళ్లినవాళ్లు చేసే పొరపాటు: నచ్చిందని ఎర్ర స్వెటర్ వేసుకుని పడమటి వైపు స్టేడియానికి డెర్బీ, అంటే ఈ రెండు జట్ల పోరు, చూడటానికి వెళ్లడం. కొట్టరు, భయం లేదు. సాయంత్రమంతా వేళాకోళం మాత్రం తప్పదు.

రెండు వైపులా ప్రేమించిన ఆటగాడు ఎవరైనా ఉన్నారా?

క్లైవ్ సల్లివన్. వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి వచ్చిన నల్లజాతి వింగర్. ఎఫ్‌సీకి 250 ట్రైలు (ట్రై అంటే అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింట్లు తేవడం), తరవాత నది దాటి కేఆర్‌కు 118 ట్రైలు చేశాడు. 1972లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో గ్రేట్ బ్రిటన్‌కు కెప్టెన్. ఒక పెద్ద క్రీడలో బ్రిటన్ జాతీయ జట్టుకు నాయకత్వం వహించిన తొలి నల్లజాతీయుడు. లియాన్‌లో ఆస్ట్రేలియాతో ఫైనల్ 10-10తో సమమైంది, అంతకుముందు మ్యాచ్‌ల ఫలితాల బలంతో కప్పు బ్రిటన్‌కు దక్కింది. అందులో అతను దాదాపు మైదానం పొడవునా పరిగెత్తి చేసిన ట్రై ఉంది.

1985లో 42 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. పడమటి నుంచి హల్‌లోకి వచ్చే ఏ63 రోడ్డు భాగానికి ఊరు అతని పేరు పెట్టింది. లీడ్స్ నుంచి కారులో హల్ వెళ్లేవాళ్లు హంబర్ వంతెన ఎక్కకుండా, దాని దగ్గరి నుంచి క్లైవ్ సల్లివన్ వే మీదే ఊళ్లోకి వస్తారు. అతని ఆట చూడనివాళ్లు కూడా "సల్లివన్ వే మీద ట్రాఫిక్ జామ్" అని రోజుకోసారి ఆ పేరు తలుస్తారు. ఆటగాడికి ఇంతకంటే నిలకడైన గుర్తింపు లేదని మా అభిప్రాయం. విగ్రహాన్ని ఎవరైనా తలుచుకునేది ఏడాదికోసారే.

విగ్రహాలు పెట్టరా మరి?

పెడతారు. విగన్ నడిబొడ్డున బిల్లీ బోస్టన్ విగ్రహం 2016 నుంచి ఉంది. సెయింట్ హెలెన్స్ స్టేడియం దగ్గర కైరన్ కన్నింగ్‌హామ్‌ది ఉంది. బోస్టన్ కథ ప్రత్యేకం. కార్డిఫ్ రేవు దగ్గరి టైగర్ బేలో పుట్టాడు. సొంత చోట యూనియన్‌లో తనకు తలుపులు తెరుచుకోవని అర్థమై 1953లో విగన్‌కు వచ్చాడు. ఆ క్లబ్బుకు 478 ట్రైలు చేసి, ఆట మానేశాక స్టేడియం పక్కనే పబ్బు నడిపాడు. దశాబ్దాల పాటు విగన్ వాళ్లు అతన్ని చూడాలంటే పబ్బు తలుపు తోస్తే సరిపోయేది. 2025 జూన్‌లో, 90 ఏళ్ల వయసులో, సర్ బిరుదు అందుకున్నాడు. లీగ్ ఆటగాళ్లలో ఆ గౌరవం దక్కిన మొదటివాడు. 130 ఏళ్లు పట్టింది. ఊరికి తెలిసిన సంగతి దేశానికి తెలియడానికి అంత ఆలస్యం.

కార్డిఫ్ కూడా 2023లో బోస్టన్, సల్లివన్, గస్ రిస్‌మన్‌ల విగ్రహం కలిపి పెట్టింది. వదులుకున్న కొడుకుల్ని ఆలస్యంగా ఇంటికి పిలిచినట్టు.

దేశమంతా తెలిసిన లీగ్ ఆటగాడే లేడా?

ఉన్నాడు, రాబ్ బరో. ఎత్తు 165 సెంటీమీటర్లు. తనకు రెండింతలుండేవాళ్ల మధ్య లీడ్స్ రైనోస్‌కు 492 మ్యాచ్‌లు ఆడి, ఎనిమిది టైటిళ్లు గెలిచాడు. అప్పటికీ లీడ్స్‌కు మాత్రమే హీరో. 2019 డిసెంబరులో మోటార్ న్యూరాన్ వ్యాధి ఉందని తేలాక కథ మారింది. పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ 2020 డిసెంబరులో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తి 20 లక్షల పౌండ్లకు పైగా విరాళాలు తెచ్చాడు. ఏడెందుకంటే అది బరో జెర్సీ నంబరు. 2023 మే 14న లీడ్స్ మారథాన్‌లో చక్రాల కుర్చీని గీత దాకా నెట్టుకొచ్చి, ఆ గీతను మిత్రుణ్ని ఎత్తుకుని దాటాడు. ఆ ఫొటో దేశం మొత్తం చూసింది.

బరో 2024 జూన్ 2న, 41 ఏళ్లకు కన్నుమూశాడు. అంత్యక్రియలు జులై 7న, అంటే ఏడో నెల ఏడో తేదీన. శవయాత్ర అతను చిన్నప్పుడు ఆడిన ఫెదర్‌స్టోన్ లయన్స్ క్లబ్బు మీదుగా వెళ్లింది. రోడ్డుకు రెండు వైపులా జనం చప్పట్లు కొడుతూ నిలబడ్డారు. లీడ్స్ సీక్రాఫ్ట్ ఆసుపత్రిలో అతని పేరు మీద చికిత్స కేంద్రం 2025లో తెరిచారు.

మనసులో మాట చెప్పాలంటే, లీగ్ ఆటగాడికి జాతీయ ఖ్యాతి ఆట వల్ల కాక జబ్బు వల్ల రావడం ఉత్తరాదివాళ్లకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఏ స్థానంలో ఆడేవాళ్లకు పేరు ఎక్కువ?

జెర్సీ నంబరు చూడండి. 1 ఫుల్‌బ్యాక్, 6 స్టాండ్‌ఆఫ్, 7 స్క్రమ్‌హాఫ్: బంతి ఎక్కువగా వీళ్ల చేతుల్లోనే ఉంటుంది, టీవీ కెమెరా కూడా. 2, 5 వింగర్లు ట్రైలు చేస్తారు కాబట్టి పిల్లలకు ఇష్టం. 8, 10 ప్రాప్‌లు పట్లు పట్టి, దెబ్బలు తిని మిగతావాళ్లకు దారి వేస్తారు. బయటివాళ్లకు వీళ్ల పేర్లు తెలియవు, ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం ముందు వీళ్ల గురించే మాట్లాడతారు. సూపర్ లీగ్‌లో సీజన్ మొదట్లో ఇచ్చిన నంబరే సీజనంతా ఉంటుంది. కాబట్టి 7వ నంబరుకు గాయమైతే 23వ నంబరువాడు ఆ స్థానంలో కనిపించవచ్చు. తికమక పడొద్దు.

ఆటగాళ్లను కలవాలంటే? సంతకం ఎలా తీసుకోవాలి?

చివరి విజిల్ తరవాత కుర్చీలోంచి లేచి వెళ్లిపోకండి. చాలా స్టేడియాల్లో ఆటగాళ్లు మైదానం చుట్టూ నడుస్తూ కంచె దగ్గర ఆగుతారు. పావుగంట, ఇరవై నిమిషాలు. ముందు వరుసలోకి పిల్లల్ని పంపండి. లీడ్స్‌లో ఉంటే హెడింగ్లీ. అవును, మనం టెస్టులు చూసే హెడింగ్లీయే. ఒకే స్టాండుకు ఒక వైపు క్రికెట్ మైదానం, రెండో వైపు రగ్బీ మైదానం.

సంతకాల్లో తేడా వచ్చేది పెన్ను దగ్గరే. ముదురు రంగు జెర్సీకి వెండి రంగు మార్కర్, లేత రంగుకు నల్ల పర్మనెంట్ మార్కర్. జెర్సీ గుడ్డ సాగుతుంది కాబట్టి లోపల అట్టముక్క పెట్టి బిగించి పట్టుకోండి, లేకపోతే అక్షరాలు కుంగిపోతాయి. నున్నటి ప్రింటు నంబరు మీద రాయిస్తే సిరా పాకుతుంది, గుడ్డ మీదే రాయించండి. ఐదు నిమిషాలు ఆరనిచ్చి మడవండి. తరవాత వాషింగ్ మెషీన్‌లో వేస్తే సంతకం వెలిసిపోతుంది.

జట్టు ఓడిన రోజు కూడా వస్తారు. ఆ రోజు "బాగా ఆడారు" అని పొగడొద్దు. "వచ్చే వారం చూద్దాం" అంటే చాలు.

మా తెలుగు సంఘం కార్యక్రమానికి ఆటగాణ్ని పిలవచ్చా?

పిలవచ్చు, వస్తారు కూడా. ఆటగాడి ఇన్‌స్టాగ్రామ్‌కు సందేశం పంపితే జవాబు రావడం అదృష్టం. సరైన దారి క్లబ్బుకు అనుబంధంగా ఉండే ఫౌండేషన్. బడులకు, సంఘాలకు ఆటగాళ్లను పంపేది వాళ్లే. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఈమెయిల్ రాయండి: తేదీ, వచ్చే సమయం, వెళ్లే సమయం, పోస్ట్‌కోడ్‌తో చిరునామా, ఎంతమంది, అందులో పిల్లలెంతమంది, అతను ఏం చేయాలి, కారు ఎక్కడ పెట్టాలి, బాధ్యులెవరు. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి ముందే రాయించి ఉంచండి. డబ్బు ఇవ్వాలా అన్నది మొదటి ఈమెయిల్‌లోనే అడిగేయండి.

తేదీ దగ్గరే ఎక్కువ అవకాశాలు చేజారతాయి. సీజన్ ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా, మ్యాచ్‌లు ఎక్కువగా గురువారం నుంచి ఆదివారం మధ్య. ఉగాది సీజన్ నడుస్తుండగా వస్తుంది, శనివారం దొరకడం కష్టం. దీపావళికి ఆటగాళ్లు సెలవుల్లో ఎగిరిపోయి ఉంటారు. సంక్రాంతికి సీజన్ ముందు సాధన నడుస్తుంటుంది, కానీ ఊళ్లోనే ఉంటారు, వారాంతంలో వీలు దొరుకుతుంది. పిలవాలంటే సంక్రాంతికే పిలవండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, మన టైము. కార్డులో ఆరింటికి అని వేసి ఏడున్నరకు దీపం వెలిగిస్తే, వచ్చినవాడు ఖాళీ కుర్చీల ముందు గంటన్నర కూర్చోవాలి. రెండోసారి ఆ క్లబ్బు మీ ఈమెయిల్‌కు బదులివ్వదు. అతని వంతు ఏడున్నరకే ఉంటే ఏడుంబావుకే రమ్మనండి. శాలువా కప్పుతామని ముందే చెప్పండి, చెప్పకపోతే చలి వేస్తోందనుకున్నారేమోనని తికమకపడతారు.

టెస్టిమోనియల్ ఏడాది అంటే?

పదేళ్లు ఒకే క్లబ్బుకు ఆడినవాడి కోసం ఊరు జరిపే ఏడాది పాటు కట్నాల కార్యక్రమం అనుకోండి. ఒక ప్రత్యేక మ్యాచ్, విందులు, జెర్సీల వేలాలు. వసూలైంది ఆటగాడికి వెళ్తుంది, కొంత ఛారిటీలకు ఇస్తారు. ఒప్పందంలో ముందుగా రాసుకోని టెస్టిమోనియల్‌కు 2017 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో లక్ష పౌండ్ల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, అది జీవితంలో ఒక్కసారే. ఆటగాడికి ఊళ్లో నిజంగా ఎంత పేరుందో ఆ విందుల టికెట్లు చెప్పేస్తాయి.

మన దక్షిణాసియా వాళ్లెవరైనా ఈ స్థాయికి వచ్చారా?

లీడ్స్‌లో పుట్టిన, పాకిస్తానీ మూలాలున్న ఇక్రమ్ బట్ 1995లో ఇంగ్లండ్‌కు ఆడాడు. ఫెదర్‌స్టోన్‌కూ ఆడాడు. తరవాత బ్రిటిష్ ఆసియన్ రగ్బీ సంఘం పెట్టాడు. అతని తరవాత ఆ దారిలో నడిచినవాళ్లు చాలా తక్కువ. బ్రాడ్‌ఫర్డ్‌లో, హడర్స్‌ఫీల్డ్‌లో అంతమంది దక్షిణాసియా జనం ఉండి కూడా ఇదీ పరిస్థితి.

ఆస్ట్రేలియాలోనూ ఇలాగే ఉంటుందా?

అక్కడ ఊరి పొలిమేర బదులు దేశాన్ని చీల్చే గీత ఉంది, పేరు బరాసీ లైన్. దానికి ఒక వైపు సిడ్నీ, బ్రిస్బేన్: లీగ్ రాజ్యం. రెండో వైపు మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్: ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. అందుకే టైటిళ్లు గెలిచిన మెల్‌బోర్న్ స్టార్మ్ ఆటగాళ్లు తమ సొంత నగరంలో కాఫీ ప్రశాంతంగా తాగగలరు, బ్రిస్బేన్‌లో విమానం దిగితే తాగలేరు. సిడ్నీలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ ప్రాంతాలు పారమట్టా ఈల్స్ అడ్డా. ఇంకా పడమరకు వెళ్తే పెన్రిత్. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిచిన జట్టులో జరోమ్ లువాయ్, బ్రయాన్ టోఓ మౌంట్ డ్రూయిట్ కుర్రాళ్లు. ఆ పేట పిల్లలకు వాళ్లు పక్క వీధి అన్నలు.

ఇంతకంటే ఎక్కువ పిచ్చి ఉన్న చోటు ఉందా?

పాపువా న్యూగినీ. ఎనిమిది వందలకు పైగా భాషలున్న ఆ దేశంలో అందరూ కలిసి చూసేది ఇదే. చింబు కొండల్లో పుట్టి, లే నగరంలో ఫిజిక్స్ చదివి, 2020లో మెల్‌బోర్న్ స్టార్మ్‌తో టైటిల్ గెలిచిన జస్టిన్ ఓలమ్‌కు ఆ జట్టుకు ఆడిన రోజుల్లో మెల్‌బోర్న్ ట్రామ్‌లో సీటు కోసం వెతుక్కునే మామూలు మనిషి బతుకు, పోర్ట్ మోర్స్‌బీలో జన సముద్రం. 2028 నుంచి ఆ దేశపు జట్టు ఆస్ట్రేలియా లీగ్‌లోనే ఆడబోతోంది.

ఒక్క రోజే వీలుంది. ఎక్కడికి వెళ్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది?

గుడ్ ఫ్రైడే నాడు విగన్‌కో సెయింట్ హెలెన్స్‌కో. రెండు ఊళ్ల మధ్య పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు, ఏటా ఈ రోజుల్లోనే వాటి పోరు. టికెట్ నెల ముందు కొనండి, ఆ రోజు గేటు దగ్గర దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. రెండు గంటల ముందే చేరి స్టేడియం చుట్టూ ఒకసారి నడవండి. పేర్లు రాసుకున్న జెర్సీల్లో ఇప్పటి ఆటగాళ్లవి ఎన్ని, ఎప్పుడో ఆట మానేసినవాళ్లవి ఎన్ని అని లెక్కపెట్టండి. ఇంటి నుంచి గొడుగు కాదు, వానకోటు తెచ్చుకోండి. గొడుగు తెరిస్తే వెనక వరుస ఊరుకోదు.